నాలుగు సున్నాలకు తెరుచుకున్న బీరువా

ఆమెను ఆ వీధిలో అందరూ చుట్లక్క అనేవారు. అసలు పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు, మిక్సీలు తెచ్చిస్తే పాత తీగ ఊడబీకి కొత్త రాగి తీగ చుట్టి ఇవ్వడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. చుట్లు లెక్కపెడుతున్నప్పుడు ఎవరు పలకరించినా ఆమె నోట అంకెలే వచ్చేవి. ఒకసారి అత్తగారు పరుగెత్తుకొచ్చి, "ఏమే, వంటింట్లోకి పాము దూరిందే!" అంటే, చెయ్యి ఆపకుండా "నూట ఎనభై ఆరు" అందట. ఆ పామును అత్తగారే చీపురుతో తరిమి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కథ ఏళ్ళ తరబడి చెప్పింది.

మనిషి మంచిదే గానీ అనుమానం ఎక్కువ. అది పనిలోంచి వచ్చిన గుణం. మోటారు తెచ్చినవాడు ఎవడూ ఉన్నదున్నట్టు చెప్పడు. "ఉన్నట్టుండి ఆగిపోయిందక్కా, నేనేం చెయ్యలేదు" అంటాడు. ఆమె మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "నీళ్ళు లేకుండా ఎంతసేపు తిప్పావ్?" అని అడుగుతుంది. వాడు నీళ్ళు నములుతాడు. అలా ఏళ్ళు గడిచేసరికి, మనుషులు చెప్పేది సగమే వినడం, మిగతా సగం వాసన చూసి తేల్చుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ పని ఆమెకు నేర్పింది పెద్ద మేస్త్రి. కొట్టు మొదట ఆయనదే. ఆయనది ఎడమచేతి వాటం. తీగను అందరూ చుట్టే దిక్కుకు కాకుండా తిరగేసి చుట్టేవాడు. చివర దారంతో కట్టేటప్పుడు రెండు మెలికలు తిప్పి, కొసను కింది చుట్టు లోపలికి దోపేసేవాడు. చుట్లక్క కుడిచేతి మనిషే అయినా, ఎదురుగా కూర్చుని ఆయన చేతులు చూసి నేర్చుకుంది కాబట్టి ఆమె చుట్టే తీగా అటే తిరిగేది, ఆమె ముడీ అలాగే పడేది. చూపు మందగించి చుట్లు లెక్క తప్పడం మొదలయ్యాక మేస్త్రి కొట్టు ఆమెకు అప్పగించి ఇంటిపట్టున ఉండిపోయాడు.

నలభై రెండో ఏట చుట్లక్కకు కొత్త పిచ్చి పట్టుకుంది. బట్టలుతికే యంత్రం ఒకటి వచ్చింది. మోటారు నిక్షేపంలా ఉంది, కానీ తిరగదు. తప్పంతా దాన్ని నడిపించే అరచేతంత బోర్డులో ఉంది. ఆ బోర్డు మీది నల్ల చిప్పులు ఆమె కంటికి నోరు మూసుకుని కూర్చున్న సాక్షుల్లా కనిపించాయి. వాసన చూసినా ఏమీ చెప్పలేదు. ఆ ఉక్రోషంతోనే ఆమె లైబ్రరీ వెనక గదికి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆ గదిలో ఆదివారం మధ్యాహ్నాలు నలుగురైదుగురు చేరి సరదాకి ఎలక్ట్రానిక్ వస్తువులు చేసుకునేవారు. టెలిఫోన్ స్తంభాలెక్కి రిటైరైన లైన్‌మన్ గారు అక్కడ పెద్ద. మందుల షాపు నడిపే ఆవిడ, మొక్కలకు తనంతట తాను నీళ్ళు పోసే యంత్రమొకటి మూడేళ్ళుగా చేస్తూనే ఉంది. ఈలోపు మొక్కలు రెండుసార్లు చచ్చిపోయాయి. వాచీలు బాగుచేసే అద్దం బాబాయి ఇంకో సభ్యుడు. పని చేసేటప్పుడు కంటికి పెట్టుకునే భూతద్దాన్ని తియ్యడం మరిచిపోయి అలాగే వీధిలోకి వచ్చేస్తాడని ఆ పేరు. చుట్టరికమేమీ లేకపోయినా చుట్లక్క ఆయన్ని బాబాయ్ అని, ఆయన భార్యను పిన్ని అని పిలిచేది. కొన్నాళ్ళకు పెద్ద మేస్త్రిని కూడా తనే వెంటబెట్టుకుని వచ్చింది. "ఇంట్లో గోడలు చూస్తూ ఎంతసేపని కూర్చుంటారు మేస్త్రిగారూ" అని. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, టీ తాగి, వాళ్ళ మాటలు వింటూ ఉండేవాడు.

రెండేళ్ళు తిరిగేసరికి చుట్లక్క చిప్పులకు పని చెప్పడం నేర్చుకుంది. గదిలో అందరి పనిముట్లూ దాచుకునే ఇనుప బీరువా ఉండేది. దాని తాళంచెవి ఎప్పుడూ ఎవరో ఒకరి జేబులో ఇంటికి వెళ్ళిపోయేది. అందుకని ఆమె దానికి అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం చేసింది. నాలుగంకెలు సరిగ్గా నొక్కితే లోపల ఓ కాయిల్ గడియను లాగుతుంది, తలుపు వేలెడు తెరుచుకుంటుంది. కాయిల్ తన చేత్తోనే చుట్టింది. బిగించిన రోజున లైన్‌మన్ గారు అందరిచేతా చప్పట్లు కొట్టించారు. మేస్త్రి కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

అది జరిగిన నెలకు, ఓ ఆదివారం అందరూ టీ కోసం వరండాలోకి వెళ్ళి వచ్చేసరికి బీరువా తలుపు వేలెడు తెరుచుకుని ఉంది.

"ఎవరైనా తీశారా?" అని అడిగింది చుట్లక్క. ఎవరూ తియ్యలేదన్నారు. లోపల ఏ వస్తువూ కదల్లేదు. ఆమె తలుపు మూసి, స్టూలు వేసుకుని బీరువా ముందు కూర్చుంది. లైట్లు వేసి చూసింది, ఆపి చూసింది. సీలింగ్ ఫ్యాను స్విచ్చి ఆపగానే గడియ టక్కుమని ఉలిక్కిపడింది. స్విచ్చిలో చిన్న నిప్పురవ్వ ఎగిరినప్పుడల్లా, గోడలోని కరెంటు తీగ పక్కనే పోతున్న తన తాళం తీగలోకి ఆ దెబ్బ దూకుతోంది. తీగ చుట్టే మనిషికి అది కొత్త సంగతేం కాదు. ఒక తీగలో పుట్టిన కుదుపు తాకకుండానే పక్క తీగలో పుట్టబట్టే కదా మోటారు తిరిగేది. తాళం తీగల్ని జడలా మెలిపెట్టి, గోడకు దూరంగా జరిపి, కుదుపుల్ని మింగే ఓ నల్లటి ఫెర్రైట్ రింగులోంచి దూర్చి, నిప్పురవ్వ ఎగరకుండా స్విచ్చికి అడ్డంగా ఓ కెపాసిటర్ వేసింది. ఆ తర్వాత స్విచ్చి వందసార్లు వేసి ఆపింది. గడియ కదల్లేదు.

"చూశారా, ఫ్యానే దొంగ!" అన్నారు లైన్‌మన్ గారు. అందరూ నవ్వారు.

మూడు వారాలకు మళ్ళీ తెరుచుకుంది. ఆ రోజు ఫ్యాను వాళ్ళు వచ్చినప్పటి నుంచీ తిరుగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు.

ఈసారి చుట్లక్క తలుపు మూసి వచ్చేసింది. కానీ ఇంటికి పోయాక ముద్ద దిగలేదు. అత్తగారు కనిపెట్టింది.

"ఏమైందే, ముఖం అలా పెట్టావ్?"

"నేను చేసిన తాళం దానంతటది తెరుచుకుంటోంది అత్తయ్యా."

"దానంతటది తెరుచుకోవడానికి అదేమైనా నోరా? ఎవరో తెరుస్తున్నారు."

ఆ మాట ఆమె మనసులో పురుగులా దూరింది.

వారం తిరక్కముందే తాళానికి కొత్త పని నేర్పింది. దానికి టైము చెప్పే చిన్న చిప్పొకటి కలిపింది. ఎవరు ఏ అంకెలు నొక్కినా, గడియ ఎప్పుడు కదిలినా, అది తనలో రాసిపెట్టుకుంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నెల తర్వాత టీ వేళకి తలుపు మూడోసారి తెరుచుకుంది. ఆమె ఏమీ ఎరగనట్టు మూసేసింది. అందరూ వెళ్ళాక తాళంలోని రాతను చదివింది. నాలుగూ పదమూడుకు ఎవరో నాలుగు సున్నాలు నొక్కారు. అది తప్పుడు సంఖ్య. గడియ కదల్లేదు. మళ్ళీ నాలుగు సున్నాలు. కదల్లేదు. అలా ఆరుసార్లు. ఏడోసారి కూడా నాలుగు సున్నాలే. గడియ తెరుచుకుంది.

ఫ్యాను స్విచ్చి వచ్చి సున్నాలు నొక్కదు కదా. ఎవరో కావాలని తప్పుడు సంఖ్య నొక్కి, సరిగ్గా చిప్పు "ఈ సంఖ్య సరైనదేనా" అని చూసుకునే క్షణంలో దాన్ని తడబడేలా చేస్తున్నారు. ఆ తడబాటులో చిప్పు చూసుకోవడం దాటేసి, తెరిచే పనిలోకి పోతోంది. అలా చెయ్యొచ్చని లైన్‌మన్ గారు ఓ ఆదివారం అందరికీ చెప్పారు కూడా. పక్కనే గట్టిగా ఓ అయస్కాంతపు దెబ్బ కొడితే చిప్పు ఓ మెట్టు ఎక్కకుండా దూకేస్తుందని. ఆ రోజు గదిలో ఉన్నది ఐదుగురే. తనను తీసేస్తే నలుగురు.

అక్కడి నుంచి ఆమె చూపు మారిపోయింది. టీ తాగుతున్నా కప్పు అంచు మీదుగా చూసేది. మందులావిడ సంచీ ఎందుకంత బరువుగా ఉంది? లైన్‌మన్ గారు వరండాలోంచి మధ్యలో లోపలికి ఎందుకెళ్ళారు? అలా ఒక్కొక్కరి మీదా తిరిగి తిరిగి ఆమె అనుమానం అద్దం బాబాయి మీద వాలింది. వాలి, ఉడుంపట్టు పట్టింది.

కారణాలు లేకపోలేదు. తాళం బిగించిన రోజు "ఏ చిప్పు వాడావమ్మాయ్? ఎంత వేగంతో నడుస్తుంది?" అని గుచ్చిగుచ్చి అడిగింది ఆయనే. అన్నిటికీ మించి, ఆయన చేతిలో ఎప్పుడూ ఓ గ్యాస్ లైటర్ ఉండేది. షాపులో స్పిరిటు దీపం వెలిగించుకోవడానికి తెచ్చుకున్నది కాస్తా చేతికి ఆటవస్తువైపోయింది. మాట్లాడుతున్నంతసేపూ టక్ టక్ అని నొక్కుతూనే ఉంటాడు. నొక్కినప్పుడల్లా లైన్‌మన్ గారి రేడియో గరగరలాడుతుంది.

చుట్లక్క అలాంటి లైటరే ఒకటి కొని, తాళంతో పాటే చేసి ఇంట్లో ఉంచుకున్న అలాంటి ఇంకో బోర్డు దగ్గర పెట్టి నొక్కింది. మూడో నొక్కుకే చిప్పు తడబడి మొదటి నుంచి మొదలైంది. దొరికాడనుకుంది. ఆ తర్వాత, ఎందుకైనా మంచిదని, నాలుగు సున్నాలు నొక్కి లైటర్ కొట్టడం మొదలుపెట్టింది. రెండు వందలసార్లు కొట్టింది. బొటనవేలు బొబ్బ కట్టింది. చిప్పు మళ్ళీ మళ్ళీ మొదలవుతోందే తప్ప, గడియ ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.

అక్కడ ఆగి ఆలోచించి ఉండాల్సింది. మోటారు విషయంలో అయితే ఆగేది. కానీ మనిషి విషయంలో, "ఆయన వాచీల మనిషి, చెయ్యి నాకంటే సున్నితం, ఆయనకు తెరుచుకుని ఉంటుంది" అని సర్దిచెప్పుకుంది.

ఆ వారమే లైన్‌మన్ గారు కరెంటు కొలిచే మీటరు కనిపించకుండా పోయింది. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు ఆయన నడుముకు వేలాడిన మీటరు అది. బీరువాలోనే పెట్టానని ఆయన ఒట్టేసి చెప్పారు. ఆయన ముఖం చూసి చుట్లక్క ఉండబట్టలేకపోయింది. పక్కకు పిలిచి తాళంలోని రాత సంగతి, లైటర్ సంగతి చెవిన వేసింది. చిప్పు తడబడిందని చెప్పింది. గడియ కదల్లేదని చెప్పలేదు.

మరుసటి ఆదివారం లైన్‌మన్ గారు అందరి ముందే అడిగేశారు.

"మాస్టారూ, ఆ లైటర్ ఓసారి ఇటివ్వండి."

అద్దం బాబాయి ఇచ్చాడు. "ఎందుకండీ?"

"దీంతో బీరువా తాళాన్ని తికమక పెట్టొచ్చట. మీకు తెలుసా?"

బాబాయి అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. చివరికి చుట్లక్క దగ్గర ఆగాడు.

"నీకలా అనిపించిందా అమ్మాయ్?"

ఆమె నేల చూసింది. "టీ టైములో తెరుచుకుంటోంది బాబాయ్. ఎవరో సున్నాలు నొక్కుతున్నారు."

"నేనేనా?"

మందులావిడ ఏదో అనబోయి ఊరుకుంది. కిటికీ పక్క మేస్త్రి నోరు తెరిచాడు, అంతలో టీ వచ్చింది. అద్దం బాబాయి తన సంచీ బల్ల మీద బోర్లించాడు. చిన్న స్క్రూడ్రైవర్లు, ఓ చిన్న పట్టకారు, ఓ వాచీ పట్టీ, తువ్వాలు. "మీటరు లేదు, చూసుకోండి" అని అన్నీ మళ్ళీ సర్దుకుని వెళ్ళిపోయాడు. లైటర్ బల్ల మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత నాలుగు వారాలు బీరువా తెరుచుకోలేదు. "ఇంకేం కావాలి సాక్ష్యం?" అన్నారు లైన్‌మన్ గారు. చుట్లక్కకు మనసు కుదుటపడాలి. పడలేదు. దారిలో ఎదురైతే ఎప్పుడూ ఆగి మాట్లాడే పిన్ని, ఆ రోజు చీర కొంగు సర్దుకుని అవతలి పక్కకు వెళ్ళిపోయింది.

ఐదో వారం లైన్‌మన్ గారు గదిలోకి వచ్చి, కూర్చోకుండా, గొంతు సవరించుకున్నారు. "మా ఆవిడ కుట్టుమిషన్ సొరుగులో... అదీ... మీటరు దొరికింది. కత్తిరించిన గుడ్డ ఎగరకుండా బరువు పెట్టుకుందట. నేనే ఇంటికి తీసుకెళ్ళి ఉంటాను."

"మరి మాస్టారికి చెప్పారా?" అంది మందులావిడ.

"మీటరు సంగతి వేరు, తాళం సంగతి వేరు" అన్నారాయన. కానీ ఆ గొంతులో పస లేదు.

పై వారం గదికి సున్నం వేయిస్తామని లైబ్రరీ వాళ్ళు కబురు పెట్టారు. సామాను జరపడానికి చుట్లక్క పొద్దున్నే వెళ్ళింది. బీరువాను ఓ పక్కకు నెట్టగానే దుమ్ములో ఏదో మెరిసింది. తీసి చూస్తే, చిటికెన వేలంత ఫెర్రైట్ ముక్క మీద చుట్టిన రాగి తీగ. ఏడు చుట్లు. అంచులు ఒకదానికొకటి ఆనుకుని, దువ్వినట్టు ఉన్నాయి. తిరగేసిన దిక్కుకు చుట్టారు. చివర దారం రెండు మెలికలు తిరిగి, కొస కింది చుట్టు లోపలికి దోపి ఉంది.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో మళ్ళీ చూసింది. అక్కర్లేదు, మొదటి చూపుకే తెలిసిపోయింది. ఈ చుట్టు ఈ ఊళ్ళో రెండు చేతులకే వచ్చు. ఒక చెయ్యి తనది.

మేస్త్రి కూర్చునే కుర్చీలోనే కూలబడింది. ముందు వచ్చిన ఆలోచన ఆయన గురించి కాదు. ఇది బయట పెడితే అందరూ తననే అనుకుంటారని. తాళం చేసింది తను, కాయిల్ చూస్తే తన చెయ్యే. "పేరు కోసం తనే తెరిచి, నేరం ఇంకొకరి మీద వేసింది" అనరూ? ఆ భయంతోనే దాన్ని కొంగున ముడేసుకుంది. ఇంటికి పోయి, తీగలకు తొడిగే స్లీవుల డబ్బా అడుగున దాచింది. రెండు రోజులు అన్నం తింటూ డబ్బా వంక, పని చేస్తూ డబ్బా వంక చూసింది. బాబాయి సంచీ బోర్లించిన చప్పుడు చెవుల్లోంచి పోలేదు. మూడో రోజు పొద్దున్న అత్తగారితో అంతా చెప్పేసింది.

"ఇంతకీ ఆ వాచీలాయన లైటర్‌తో తాళం తెరుచుకోదా?" అంది అత్తగారు.

"తెరుచుకోదు అత్తయ్యా. రెండొందలసార్లు చూశాను."

"ఎప్పుడు చూశావ్? ఆయన్ని పంపేశాకా, ముందా?"

"...ముందే."

"ఓసి నీ!" అంది అత్తగారు. చెప్పులు తెచ్చి కోడలి ముందు పెట్టింది.

మేస్త్రి ఇంట్లో ముందుగదిలోనే ఉన్నాడు. ఆమె కాయిల్‌ను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కళ్ళ దగ్గరికి తీసుకోలేదు, వేలితో ఓసారి తడిమాడు.

"బీరువా కింద దొరికిందా?"

"మీరే చుట్టారు కదూ?"

"చేతిలోంచి జారింది ఆ రోజు. వంగుదామంటే మోకాలు రాలేదు" అన్నాడు, అదొక్కటే జరిగిన తప్పన్నట్టు.

"ఎందుకు మేస్త్రిగారూ?" ఆమె ఆయన ఎదురుగా కూర్చుంది. "నా తాళం మీద మీకేం కోపం?"

"కోపమెందుకమ్మా?" ఆయన కాయిల్‌ను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "మీరంతా చిప్పులంటారు, ప్రోగ్రాములంటారు. నాకు టీ ఇస్తారు. ఒక్కరైనా నన్ను ఒక్క మాట అడిగారా? ఆ రోజు లైన్‌మన్ చెప్పాడు చూడు, పక్కన దెబ్బ కొడితే చిప్పు తడబడుతుందని. దెబ్బ కొట్టేది తీగ చుట్టే కదా, అది నాకొచ్చిన పనే కదా అనిపించింది. పాత కెమెరా ఫ్లాష్ ఉంటే విప్పి, అది కూడబెట్టుకునే కరెంటంతా ఒక్క దెబ్బలో ఈ చుట్టులోకి పోయేలా కలిపాను. మాత్రల డబ్బాలో అమిరింది. కళ్ళు కనబడకపోయినా ఏడు చుట్లు లెక్క తప్పుతానా?"

"మొదటిసారి తెరుచుకున్నది ఫ్యాను వల్లేనా?"

"అది ఫ్యానే. నేను కాదు. అది చూసే నాకు ఆశ పుట్టింది. రెండోసారి నేనే, మీరంతా వరండాలో ఉన్నప్పుడు. తలుపు వదులైతే గుండె ఆగినంత పనైంది. మూడోసారి, నిజంగా నా వల్లేనా అని చూద్దామని. సున్నాలయితే తడుముకోకుండా నొక్కొచ్చని అవే నొక్కాను."

"అంతవరకు సరే." ఆమెకు ఇప్పుడు కోపం వచ్చింది. "బాబాయిని నిలబెట్టి అడిగిన రోజు? ఎదురుగానే ఉన్నారు మీరు!"

మేస్త్రి తల దించుకున్నాడు. "చెబుదామనే నోరు తెరిచాను. మాట రాలేదు. అంతలో టీ వచ్చింది."

ఆమె తిట్టాలనే వచ్చింది. తిట్టలేకపోయింది. లైన్‌మన్ గారికి సగం చెప్పి సగం మింగిన నోరు తనది కూడా అని గుర్తొచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పింది.

"ఆదివారం వస్తారా?" అంది లేస్తూ.

"చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వస్తాను."

ఆదివారం మేస్త్రి నిలబడి చెప్పాడు. చుట్లక్క కూడా చెప్పింది, రెండు వందలసార్ల సంగతితో సహా. లైన్‌మన్ గారి ముఖం కందగడ్డయింది. "ఆయన ఈ గదికి పెద్దమనిషిలా వచ్చి, ఇలా..." అని మేస్త్రిని ఏదో అనబోయి, తన మీటరు గుర్తొచ్చి ఆగిపోయారు. అప్పుడు మందులావిడే అంది, "ఎలా తెరిచారో చూపించమనండి ముందు. నేను నమ్మను." మేస్త్రి మాత్రల డబ్బా తీశాడు. తొమ్మిదోసారికి తలుపు తెరుచుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ అందరూ బీరువా చుట్టూ మూగి, కాయిల్ ఎక్కడ ఆనించారు, ఎటు తిప్పారు అని అడిగారు. ఆయన ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పాడు. తర్వాత చుట్లక్క ఆ తాళాన్ని మార్చేసింది. చిప్పు సంఖ్యను ఒకసారి కాక మూడుసార్లు, అదీ ఎప్పుడు చూస్తుందో తెలియకుండా చూసుకునేలా రాసింది. పైన రేకు పలక కప్పింది. మేస్త్రి చేత వరసగా రెండు ఆదివారాలు కొట్టించి చూసింది. తెరుచుకోలేదు.

అద్దం బాబాయి మాత్రం తిరిగి రాలేదు. లైన్‌మన్ గారు లైటర్ పట్టుకుని షాపుకి వెళ్ళి, పది నిమిషాల్లో ఎర్రబడిన చెవులతో తిరిగొచ్చారు. ఏమన్నాడో ఎవరికీ చెప్పలేదు. చుట్లక్క వెళితే, బాబాయి తలెత్తకుండానే అడిగాడు.

"వాచీ ఏదీ?"

"వాచీ కోసం రాలేదు బాబాయ్. తప్పు నాది. నేను..."

"అయితే పక్కకి జరుగు. వెలుతురు పడట్లేదు."

ఆమె జరిగింది. కాసేపు నిలబడి వచ్చేసింది. ఇంకోసారి వెళ్ళింది. అప్పుడూ అంతే.

రెండు నెలలు గడిచాక ఓ పొద్దున్న పిన్ని కొట్టు ముందు నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మీ బాబాయి నోటితో అడగడు. షాపులో కరెంటు మీద నడిచే అంకెల గడియారాలన్నీ పరుగు పెడుతున్నాయి. బాగుచేసి పెట్టినవి కూడా గంటకు పది నిమిషాలు ముందుకు పోతున్నాయి. జనం ఈయన చేతికి వయసొచ్చిందంటున్నారు. చూస్తావా?"

చుట్లక్క అప్పటికప్పుడు లేచింది.

షాపులో బాబాయి ఆమెను చూసి, స్టూలు కాలితో ఇటు తోశాడు. అంతే పలకరింపు. ఆమె గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. పక్క షాపువాడు కొత్తగా పెట్టిన మెరుపుల బోర్డు ఆరిపోయి వెలిగినప్పుడల్లా కరెంటు తీగలోకి చెత్త కుదుపులు వస్తున్నాయి. గడియారాలు ఆ కుదుపుల్ని కూడా కాలమనుకుని లెక్కపెట్టుకుంటున్నాయి. ఆమె ఓ నల్ల రింగు మీద తీగ చుట్టి, రెండు కెపాసిటర్లు కలిపి, పెట్టెలో బిగించి గడియారాల ప్లగ్గుకు ముందు పెట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ బాబాయి ఆమె చేతుల మీంచి చూపు తియ్యలేదు. ఆమె తీసి పక్కన పెట్టిన స్క్రూలు నాలుగని ఆయన లెక్కపెట్టుకోవడం, బిగించాక బల్ల మీద ఏమీ మిగల్లేదని చూసుకోవడం ఆమె గమనించింది. తన మీద ఇంకా గురి కుదరలేదని తెలిసింది.

"అయిపోయింది బాబాయ్. ఇక పరుగెత్తవు."

"నువ్వు చెబితే ఎలా?" అన్నాడాయన. "ఆ పెట్టె లేకుండా ఓ గంట, ఉండగా ఓ గంట చూడాలి."

"చూడండి."

ఆయన పెట్టె పీకేసి, తన చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. చుట్లక్క స్టూలు మీద కూర్చుంది. కొట్లో మూడు మోటార్లు విప్పి పడున్నాయి, ఒకటి ఆ సాయంత్రానికి ఇవ్వాల్సింది. లేవలేదు. మొదటి గంటలో గడియారాలు పదకొండు నిమిషాలు ముందుకు పోయాయి. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. పెట్టె మళ్ళీ తగిలించి, అన్నిటినీ సరిచేసి, రెండో గంట మొదలుపెట్టాడు. మధ్యలో పిన్ని రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒకటి ఆమె చేతికి అందించింది. ఇద్దరూ తాగుతూ, గోడ మీది గడియారాల వంక చూస్తూ కూర్చున్నారు.